మూర్ఛలో మాట: మెదడులోని నాడీజాలాల కథ

మూర్ఛ అనగానే చాలామంది మనస్సులో మెదిలే దృశ్యం ఒక్కటే. మనిషి కుప్పకూలడం, కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం, నోట నురగ రావడం. కాని మూర్ఛవ్యాధి రూపం ఇది ఒక్కటే కాదు. కొందరు రోగులు పడిపోరు, కొట్టుకోరు. కూర్చున్నచోటనే చూపు నిలిచిపోతుంది. పెదవులు చప్పరిస్తారు, కట్టుకున్న బట్టను వేళ్ళతో నలుపుతారు, ఒకటి రెండు నిమిషాలు తమలో తాము లేనట్లు ఉండిపోతారు. ఆ కొద్దిసేపట్లో కొందరు మాట్లాడతారు కూడా. “వద్దు, వద్దు” అనవచ్చు, ఎవరినో పిలవవచ్చు, దైవనామం పదేపదే పలకవచ్చు, ఒక్కొక్కసారి వ్యాకరణం చెడని పూర్తి వాక్యమే చెప్పవచ్చు. తేరుకున్న తరువాత అడిగితే, తాము మాట్లాడిన సంగతే తమకు తెలియదంటారు.

మాట్లాడిన మనిషికే తెలియని ఈ మాట ఎక్కడినుండి వస్తుంది? వెనుకటి తరాలవారు దీనికి గాలి, గ్రహం, పూనకం అని పేర్లు పెట్టారు. మరికొందరు అది మనస్సు అడుగున దాగిన రహస్యం బయటపడటమని భావించారు. ఈ రెండూ కావనీ, అది మెదడులోని కొన్ని నాడీజాలాలు అదుపు తప్పి పనిచేయడం వల్ల కలిగే లక్షణమనీ నేటి నాడీశాస్త్రం చెబుతుంది. అంతేకాదు, ఆ మాటను శ్రద్ధగా గమనిస్తే మూర్ఛ మెదడులో ఏ వైపున పుడుతున్నదో ఊహించడానికి ఆధారం దొరుకుతుంది.

చికాగో మహానగరానికి వాయవ్యాన ఉన్న షామ్‌బర్గ్ వంటి శివారు పట్టణాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ విషయం ప్రత్యేకంగా ముఖ్యమైనది. మూర్ఛ వచ్చిన మనిషి తెలుగులో మాట్లాడితే, అంబులెన్సులో వచ్చిన సిబ్బందికి అది అర్థంలేని శబ్దంగానే వినిపిస్తుంది. రోగి స్పష్టమైన తెలుగు మాట్లాడుతున్నాడా, లేక మాట తడబడి పదాలు చెదరిపోతున్నాయా అన్న తేడా వైద్యుడికి ఎంతో విలువైనది. ఆ తేడాను చెప్పగలిగినవారు ఆ సమయంలో పక్కన ఉన్న తెలుగువారే.

అపస్మారం నుండి ఇ.ఇ.జి. వరకు

ఆయుర్వేదంలో ఈ వ్యాధికి అపస్మారమని పేరు. స్మృతి తొలగిపోవడమని దాని అర్థం. చరకసంహిత దీనిని వాత, పిత్త, కఫ, సన్నిపాత భేదాలతో నాలుగు విధాలుగా విభజించింది. వ్యాధికి పేరు పెట్టినవారు శరీరం కొట్టుకోవడాన్ని కాక జ్ఞాపకం తప్పడాన్ని ప్రధాన లక్షణంగా గుర్తించారన్నది గమనించదగిన విషయం. గ్రీకు దేశంలో హిప్పోక్రటీస్ సంప్రదాయానికి చెందిన వైద్యులు, దైవికమని పేరు పడిన ఈ వ్యాధి ఇతర వ్యాధుల కంటే దైవికమైనదేమీ కాదనీ, దీని మూలం మెదడులో ఉన్నదనీ రెండువేల సంవత్సరాల కిందటే వాదించారు.

ఆధునిక నిర్వచనానికి పునాది వేసినవాడు ఆంగ్ల వైద్యుడు హ్యూలింగ్స్ జాక్సన్. మెదడులోని నాడీపదార్థం ఏదో ఒకచోట హఠాత్తుగా, మితిమీరి, వేగంగా శక్తిని విడుదల చేయడమే మూర్ఛ అని ఆయన 1873లో వివరించాడు. ఆ విడుదల ఎక్కడ జరిగితే అక్కడి పని బయటపడుతుంది. చేతిని కదిలించే భాగంలో జరిగితే చేయి కొట్టుకుంటుంది, చూపుకు సంబంధించిన భాగంలో జరిగితే వెలుగులు కనిపిస్తాయి.

ఈ విద్యుత్ తుఫానును కాగితంపై చూడగలగడం జర్మన్ వైద్యుడు హాన్స్ బెర్గర్ వల్ల సాధ్యమైంది. మానవుని మెదడు విద్యుత్తరంగాలను నమోదు చేసే పద్ధతిని, అనగా ఇ.ఇ.జి.ని, ఆయన 1929లో ప్రకటించాడు. ఆ తరువాతి కథలో ఒక ముఖ్యమైన అధ్యాయం చికాగోలోనే సాగింది. బోస్టన్‌లో ఇ.ఇ.జి. పరిశోధనలతో పేరు పొందిన ఫ్రెడరిక్ గిబ్స్, ఎర్నా గిబ్స్ దంపతులు 1944లో చికాగోలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయానికి వచ్చారు. స్పృహ మసకబారి, అర్థంలేని చేష్టలు, మాటలు వెలువడే మూర్ఛలలో చాలా భాగం కణతల వెనుక ఉండే టెంపొరల్ లోబ్ ముందు భాగంలో పుడుతున్నాయని వారు నిద్రలో తీసిన ఇ.ఇ.జి.ల ద్వారా చూపించారు. అదే నగరంలో శస్త్రవైద్యుడు పెర్సివల్ బెయిలీ ఫ్రెడరిక్ గిబ్స్‌తో కలసి, ఇ.ఇ.జి. సూచనను ఆధారం చేసుకొని ఆ భాగాన్ని తొలగించే శస్త్రచికిత్సలు చేశాడు. వారి ఫలితాలు 1951లో ప్రచురితమయ్యాయి. కంటికి మామూలుగా కనిపించే మెదడు భాగాన్ని, కేవలం విద్యుత్తరంగాల సాక్ష్యంతో రోగకారణమని నిర్ణయించడం ఆ రోజుల్లో సాహసమే.

మాటకు మెదడులో ఎన్ని దారులు?

మూర్ఛలో మాట ఎలా వస్తుందో తెలియాలంటే, మామూలుగా మాట ఎలా వస్తుందో ముందుగా తెలియాలి. 1861లో ఫ్రెంచి వైద్యుడు పాల్ బ్రోకా, మాట పోయిన ఒక రోగి మెదడును మరణానంతరం పరీక్షించి, ఎడమవైపు నుదుటి భాగంలో దెబ్బతిన్న చోటును చూపించాడు. 1874లో జర్మన్ వైద్యుడు వెర్నికే, మాటను అర్థం చేసుకోవడానికి అవసరమైన మరొక చోటును ఎడమ టెంపొరల్ లోబ్ వెనుక భాగంలో గుర్తించాడు. కుడిచేతి వాటం గలవారిలో సుమారు నూటికి 95 మందికి, ఎడమచేతి వాటం గలవారిలో సుమారు 70 మందికి భాషను ప్రధానంగా నడిపేది ఎడమ అర్ధగోళమే. అందువల్ల దానిని భాషా ప్రధాన అర్ధగోళమంటారు.

నేటి శాస్త్రజ్ఞులు భాషను రెండు చోట్లుగా కాక, విస్తారమైన దారులుగా చూస్తున్నారు. 2000 తరువాతి సంవత్సరాలలో హికాక్, పోపెల్ అనే శాస్త్రజ్ఞులు ప్రతిపాదించిన నమూనా ప్రకారం విన్న శబ్దం రెండు దారులు పడుతుంది. కింది దారి శబ్దాన్ని అర్థంతో కలుపుతుంది. ఇది రెండు అర్ధగోళాలలోనూ ఉంటుంది. పై దారి శబ్దాన్ని నోటి కదలికలతో కలుపుతుంది. ఇది ముఖ్యంగా ఎడమవైపు ఉంటుంది.

అయితే మాటలన్నీ ఒకే జాతికి చెందినవి కావు. ఆలోచించి కూర్చే వాక్యం వేరు, ఆలోచించకుండానే నోటికి వచ్చే మాట వేరు. ఒకటి రెండు మూడు అని లెక్కపెట్టడం, వారాల పేర్లు వల్లించడం, పలకరింపులు, తిట్లు, “అయ్యో”, “అమ్మా” వంటి ఆశ్చర్యార్థకాలు, చిన్ననాట కంఠస్థం చేసిన శ్లోకాలు, ఇవన్నీ రెండవ జాతివి. పక్షవాతంతో మాట పోయిన మనిషి అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పలేకపోయినా, కోపం వచ్చినప్పుడు తిట్టగలడని గమనించి ఈ భేదాన్ని మొదట స్పష్టంగా చెప్పినవాడు కూడా జాక్సనే. 1966లో వెలువడిన ఒక నివేదికలో, కణితి కారణంగా ఎడమ అర్ధగోళాన్ని తొలగించిన రోగి సొంతంగా వాక్యం కూర్చలేకపోయినా తిట్లు, చిన్న చిన్న ఆశ్చర్యార్థకాలు స్పష్టంగా పలికినట్లు ఉంది. ఇటువంటి అచ్చుపోసిన మాటలకు కుడి అర్ధగోళమూ, మెదడు లోతులలో అలవాట్లను నడిపే బేసల్ గాంగ్లియా కేంద్రాలూ తోడ్పడతాయని పరిశోధకుల అభిప్రాయం.

ఇంతకంటే పురాతనమైన మూడవ పొర ఒకటి ఉంది. అది కేవలం కంఠధ్వని: కేక, ఏడుపు, నవ్వు. రెండు అర్ధగోళాల నడిమి ముఖంలో ఉండే సింగ్యులేట్ భాగం, మెదడు కాండంలోని కేంద్రాలు దీనికి ఆధారం. భాష నేర్వని పసిబిడ్డకూ ఈ పొర ఉంటుంది.

తుఫాను ఏ దారిన పోతే ఆ మాట

మూర్ఛలో వెలువడే ధ్వనులను ఈ మూడు పొరల వెలుగులో చూస్తే చాలావరకు అర్థమవుతాయి.

శరీరమంతా బిగుసుకునే పెద్ద మూర్ఛ మొదట్లో వచ్చే భయంకరమైన కేక నిజానికి మాటే కాదు. ఛాతీ కండరాలు ఒక్కసారిగా బిగుసుకొని, మూసుకున్న స్వరతంత్రుల మధ్యనుండి గాలిని నెట్టడం వల్ల పుట్టే శబ్దమది. ఆ క్షణాన రోగి బాధతో అరవడం లేదు. నుదుటి భాగంలో, సింగ్యులేట్ భాగంలో పుట్టే కొన్ని మూర్ఛలలో అరుపులు, బూతుమాటలు, విపరీతమైన కదలికలు వస్తాయి. ఇవి తరచుగా నిద్రలో వస్తాయి కనుక ఇంటివారు పీడకలలని భ్రమించడం కద్దు. హైపోథాలమస్‌లో పుట్టుకతో ఉండే ఒక రకపు గడ్డ వల్ల సంతోషం లేని నవ్వు మూర్ఛగా వస్తుంది.

టెంపొరల్ లోబ్ మూర్ఛలలో మాట కథ మరింత ఆసక్తికరమైనది. 1989లో క్లీవ్‌లాండ్ క్లినిక్ వైద్యులు వీడియో, ఇ.ఇ.జి. రెండూ ఒకేసారి నమోదు చేసి పరిశీలించారు. మూర్ఛ జరుగుతుండగా స్పష్టమైన, అర్థవంతమైన మాట వెలువడితే, ఆ మూర్ఛ సాధారణంగా భాషా ప్రధానం కాని అర్ధగోళంలో, అనగా చాలామందిలో కుడివైపున, పుట్టినదని వారు గుర్తించారు. మూర్ఛ ముగిసిన తరువాత రోగి పదాలకోసం తడుముకుంటే, మాట అర్థం చేసుకోలేకపోతే, ఆ మూర్ఛ ఎక్కువగా భాషా ప్రధాన అర్ధగోళానికి చెందినదై ఉంటుంది.

పైకి వింతగా కనిపించే ఈ సూత్రం వెనుక సులభమైన తర్కం ఉంది. విద్యుత్ తుఫాను చెలరేగిన చోట మామూలు పని సాగదు. మాంట్రియల్ నగరంలో శస్త్రవైద్యుడు వైల్డర్ పెన్‌ఫీల్డ్ మేలుకొని ఉన్న రోగుల మెదడును సన్నని విద్యుత్ ప్రవాహంతో తాకి చూసినప్పుడు, భాషాకేంద్రాలపై ప్రవాహం మాటను ఆపివేసింది. కొన్ని చోట్ల తాకితే దీర్ఘమైన అచ్చుధ్వని వెలువడింది. కాని ఏ చోట తాకినా పదం మాత్రం పుట్టలేదు. ఒక బిందువును రేపినంత మాత్రాన మాట పుట్టదనీ, దానికి ఒక నాడీజాలమంతా క్రమం తప్పకుండా పనిచేయవలసి ఉంటుందనీ దీనివల్ల తేలుతుంది. కాబట్టి మూర్ఛ మధ్యలో స్పష్టమైన వాక్యం వినిపించిందంటే, ఎడమవైపు భాషాజాలం ఇంకా తుఫానులో చిక్కుకోలేదన్నమాట.

అయితే ఆ మాటను ఎవరు ప్రారంభించారన్న ప్రశ్న మిగులుతుంది. దీనికి రెండు వివరణలున్నాయి. ఒకటి: కుడివైపు తుఫాను భయం, జ్ఞాపకం, ఉద్వేగం వంటి వాటికి సంబంధించిన జాలాలను రేపుతుంది, చెక్కుచెదరని ఎడమ అర్ధగోళం వాటికి మాటలు తొడుగుతుంది. రెండు: పై నుండి అదుపు చేసే నుదుటి భాగపు కట్టడి సడలిపోగా, అలవాటైన మాటల జాలాలు తమంతట తామే కదులుతాయి. ఈ రెండూ ఒకే రోగిలో కలసి పనిచేయవచ్చు. ఈ సూత్రానికి మినహాయింపులు ఉన్నాయి కనుక వైద్యులు మాట ఒక్కదానినే నమ్మక, ఇ.ఇ.జి., ఎం.ఆర్.ఐ. పరీక్షలతో సరిచూస్తారు.

మాట్లాడిన మనిషికి ఆ మాట ఎందుకు గుర్తుండదు? యేల్ విశ్వవిద్యాలయంలో బ్లూమెన్‌ఫెల్డ్ బృందం దీనికి ఒక సమాధానం సూచించింది. టెంపొరల్ లోబ్‌లోని తుఫాను మెదడు లోతులలో మెలకువను కాపాడే కేంద్రాలను అణచివేస్తుంది. దానితో తుఫాను తాకని నుదుటి, నడినెత్తి భాగాలు కూడా గాఢనిద్రలో కనిపించే నెమ్మది తరంగాలలోకి జారిపోతాయి. కళ్ళు తెరిచే ఉంటాయి, నోరు మాట్లాడుతుంది, కాని సాక్షిగా ఉండవలసిన చైతన్యం నిద్రలో ఉంటుంది. జ్ఞాపకాలను భద్రపరిచే హిప్పోకాంపస్ స్వయంగా తుఫానులో చిక్కుకోవడం వల్ల ఆ నిమిషాలు నమోదు కావు. అపస్మారమనే ప్రాచీన నామం ఇక్కడ అక్షరాలా సరిపోతుంది.

రెండు భాషల మెదడు

ఇంట్లో తెలుగు, బడిలోనో కార్యాలయంలోనో ఇంగ్లీషు వాడే వ్యక్తికి మూర్ఛలో ఏ భాష వస్తుంది? మాతృభాషే రావాలన్న నియమం లేదు. భాషా ప్రధానం కాని టెంపొరల్ లోబ్‌లో మూర్ఛ పుట్టిన కొందరు రోగులు, మాతృభాషలో కాక తరువాత నేర్చిన పరభాషలో మాట్లాడినట్లు 2008లో ఫ్రాన్స్ వైద్యులు ప్రచురించారు. రెండు భాషలు మెదడులో కొంతవరకు ఒకే స్థలాన్ని పంచుకుంటూ, కొంతవరకు వేరు వేరు స్థలాలను ఆశ్రయిస్తాయని 1978లోనే ఆజెమన్, విటేకర్ అనే పరిశోధకులు శస్త్రచికిత్స సమయంలో చేసిన పరీక్షలలో కనుగొన్నారు. ఒకచోట విద్యుత్ ప్రవాహం తాకినప్పుడు రోగి ఒక భాషలో వస్తువు పేరు చెప్పలేకపోయాడు, మరొక భాషలో చెప్పగలిగాడు.

బహుభాషల మెదడును పరిశీలించడానికి తెలుగునాడు అనువైన క్షేత్రం. హైదరాబాదులోని నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం మతిమరుపు వ్యాధి గల 648 మందిని పరిశీలించి, రెండు లేదా అంతకంటే ఎక్కువ భాషలు వాడేవారిలో ఆ వ్యాధి సుమారు నాలుగున్నర సంవత్సరాలు ఆలస్యంగా మొదలైందని 2013లో ప్రకటించింది. ఆ పరిశీలన మూర్ఛకు సంబంధించినది కాదు. కాని తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు కలగలిసిన జీవితం మెదడు పనితీరులో తన గుర్తును విడుస్తుందని అది చూపింది.

దీనివల్ల ఒక ఆచరణాత్మకమైన ఫలితం ఉంది. మెదడు శస్త్రచికిత్సకు ముందు భాష ఏ వైపున, ఎక్కడ ఉన్నదో నిర్ణయించే పరీక్షలను రోగి నిత్యం వాడే భాషలన్నింటిలోనూ చేయడం మేలు. షామ్‌బర్గ్‌లోని తెలుగు రోగికి ఇంగ్లీషులో మాత్రమే పరీక్ష జరిగితే, అమ్మతో మాట్లాడే భాష సంగతి తేలకుండానే పోవచ్చు.

సాక్షి చెప్పవలసినది

మూర్ఛలు ఎక్కువగా ఇంట్లోనే వస్తాయి, వైద్యుని కళ్ళ ఎదుట కాదు. అందువల్ల ఇంటివారి సాక్ష్యం రోగనిర్ణయంలో ఒక పరికరం వంటిది. గమనించవలసిన అంశాలు కొన్ని ఉన్నాయి. మాట మూర్ఛ మధ్యలో వచ్చిందా, ముగిసిన తరువాతనా? ఏ భాషలో వచ్చింది? పదాలు స్పష్టంగా ఉన్నాయా, ముద్దగా ఉన్నాయా, లేక ఏ భాషలోనూ లేని పదాలా? ప్రతిసారీ అవే మాటలు వస్తున్నాయా? పిలిస్తే పలికారా? తేరుకున్నాక ఇంటివారి పేర్లు, ఎదుట ఉన్న వస్తువుల పేర్లు వెంటనే చెప్పగలిగారా, ఆలస్యమైందా?

1991లో సిన్సినాటి వైద్యులు ఒక సులువైన పరీక్ష చేశారు. మూర్ఛ ముగియగానే రోగిచేత ఒక వాక్యం చదివించి, తప్పు లేకుండా చదవడానికి ఎంతసేపు పట్టిందో లెక్కించారు. భాషా ప్రధానమైన ఎడమవైపు మూర్ఛ అయితే నిమిషం దాటింది, కుడివైపుదైతే నిమిషంలోపే చదవగలిగారు. ఇంట్లోనూ తెలుగులో ఒక చిన్న వాక్యం చెప్పి తిరిగి అనిపించవచ్చు. మూర్ఛ మధ్యలో “మామిడిపండు” వంటి ఒక పదం చెప్పి, తరువాత గుర్తున్నదేమో అడగవచ్చు. సెల్‌ఫోన్‌తో వీడియో తీసి ఉంచితే మరీ మంచిది. ఆ వీడియోలోని తెలుగును వైద్యునికి అనువదించి చెప్పాలి. “ఏదో గొణిగాడు” అని చెప్పడానికీ, “స్పష్టంగా నీళ్ళు కావాలన్నాడు” అని చెప్పడానికీ మధ్య ఒక అర్ధగోళమంత దూరం ఉంది. అమెరికాలో ఫెడరల్ నిధులు పొందే ఆసుపత్రులు ఇంగ్లీషు రానివారికి దుబాసీ సహాయం ఉచితంగా ఏర్పాటు చేయవలసి ఉంటుంది. భారతదేశం నుండి వచ్చిన పెద్దల విషయంలో ఈ హక్కును వాడుకోవాలి.

మాటల సారాంశాన్ని గురించి కూడా ఒక హెచ్చరిక అవసరం. మూర్ఛలో వెలువడిన తిట్టు ఎదుటివారిపై ద్వేషం కాదు, పలికిన పేరు రహస్య ప్రేమకు సాక్ష్యం కాదు. ఆ మాటలకు ఉద్దేశం లేదు కనుక బాధ్యత కూడా లేదు. ఒక కోడలు అత్తగారిని ఏదో అన్నదనీ, ఒక పిల్లవాడు ఉపాధ్యాయుని తిట్టాడనీ శిక్షించడం, దగ్గు వచ్చినందుకు శిక్షించడం వంటిదే. అలాగే జాతరలలో కనిపించే పూనకం ఒక ఆచార సందర్భానికి చెందినది. మూర్ఛకు సందర్భంతో పని లేదు. వంట చేస్తుండగా, నిద్రలో, ఎవరూ లేనప్పుడు కూడా అది వస్తుంది, ప్రతిసారీ దాదాపు ఒకే తీరున సాగుతుంది. మానసిక కారణాల వల్ల మూర్ఛను పోలిన స్థితులు కూడా ఉంటాయి. వాటిని వేరు చేయగలిగినది వీడియో ఇ.ఇ.జి. పరీక్షే.

చికిత్స, జాగ్రత్తలు

ప్రపంచంలో సుమారు 5 కోట్లమందికి మూర్ఛవ్యాధి ఉన్నదనీ, సరైన చికిత్స అందితే వారిలో నూటికి 70 మంది వరకు మూర్ఛలు లేకుండా జీవించగలరనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. తగిన మందులు రెండు సరైన మోతాదులో వాడినా మూర్ఛలు ఆగకపోతే, రోగిని మూర్ఛ చికిత్సా కేంద్రానికి పంపాలి. టెంపొరల్ లోబ్ మూర్ఛలకు శస్త్రచికిత్స నేడు స్థిరపడిన మార్గం. తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థ 1995లో ఈ కార్యక్రమాన్ని ప్రారంభించింది. చికాగోలోని రష్ వైద్యకేంద్రంలో ఫ్రాంక్ మోరెల్ బృందం, తొలగించడానికి వీలుకాని భాషాకేంద్రాలలో మూర్ఛ పుట్టినప్పుడు, ఆ భాగాన్ని తీసివేయకుండా తుఫానును వ్యాపింపజేసే అడ్డు తంతువులను మాత్రమే 5 మిల్లీమీటర్ల ఎడంతో కోసే పద్ధతిని 1989లో ప్రకటించింది. నిలువు తంతువులు మిగలడం వల్ల మాట నిలుస్తుందన్నది దాని సూత్రం. మూర్ఛ తరంగాల వల్ల మాట కోల్పోయిన కొందరు పిల్లలకు ఆ పద్ధతితో మాట తిరిగి వచ్చినట్లు 1995లో ఆ బృందం తెలిపింది. తరువాతి కాలంలో లేజరు పద్ధతులు, మెదడులో అమర్చే విద్యుత్ పరికరాలు కూడా వచ్చాయి.

మూర్ఛ వచ్చినప్పుడు ఏమి చేయాలో ఇంట్లో అందరికీ తెలియాలి. పడిపోయినవారిని పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. నోటిలో ఏమీ పెట్టరాదు. తాళాల గుత్తి చేతిలో పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం వల్ల ప్రయోజనం లేదు. మూర్ఛ దానంతట అదే ఆగిన సమయానికి తాళాలు చేతిలో ఉండటం వల్లనే ఆ నమ్మకం నిలిచింది. నిలబడి మాట్లాడుతూ తిరిగే రోగిని పట్టి బంధించరాదు. పొయ్యి, మెట్లు, రోడ్డు వంటి ప్రమాదాలనుండి మెల్లగా తప్పించాలి. గడియారం చూడాలి. 5 నిమిషాలు దాటితే అమెరికాలో 911కు, తెలుగు రాష్ట్రాలలో 108కు ఫోన్ చేయాలి. వైద్యుని సలహా లేకుండా మందులు ఆపరాదు. ఇల్లినాయ్ రాష్ట్రంలో 2020లో అమలులోకి వచ్చిన చట్టం ప్రకారం పాఠశాల సిబ్బందికి మూర్ఛ గురించి శిక్షణ ఇవ్వాలి. కనుక పిల్లల వ్యాధిని బడిలో దాచవలసిన అవసరం లేదు.

దాచడమే మనవారిలో ఈ వ్యాధికి తోడైన రెండవ వ్యాధి. 1976 సవరణతో హిందూ వివాహ చట్టంలో మూర్ఛవ్యాధి వివాహానికి ఒక అడ్డంకిగా చేరింది. 1999లో పార్లమెంటు ఆ మాటను తొలగించింది. చట్టం మారినా సంబంధాలు చూసుకునేటప్పుడు భయం పూర్తిగా పోలేదు. ఆ భయం వల్ల ఇంటివారు తాము విన్న మాటలను వైద్యునికి సైతం చెప్పరు. రోగికి ఆ మాటలు గుర్తుండవు. వినినవారు చెప్పకపోతే, మెదడు తనంతట తాను ఇచ్చిన ఆనవాలు వృథా అవుతుంది. మూర్ఛలో వచ్చిన మాటను సిగ్గుపడి కప్పిపుచ్చక, విన్నది విన్నట్లు, ఏ భాషలో వస్తే ఆ భాషలో రాసిపెట్టి వైద్యునికి అందించడం రోగికి ఇంటివారు చేయగలిగిన గొప్ప సహాయం.